సున్నా, ఒకటి: జార్జి బూల్ జీవితం

మా కళాశాల ప్రయోగశాలలో ఒక మూల కొన్ని పాత కంప్యూటర్లు ఎన్నో ఏళ్ళుగా దుమ్ముపట్టి పడి ఉన్నాయి. వాటిని తుక్కు కింద అమ్మివేయాలన్న ఆలోచన కూడా ఒక దశలో కలిగింది. అమ్మేలోగా ఒక్కదానినైనా తిరిగి నడిపించి చూడాలని మాలో కొందరం సంకల్పించాము. మేము ఎన్నుకున్నది 1990ల తొలి సంవత్సరాలలో వాడుకలో ఉన్న 486 తరగతి యంత్రం. దాని మదర్‌బోర్డును, అనగా ప్రాసెసరు, మెమరీ మొదలైన భాగాలన్నిటినీ ఒకచోట కూర్చే పెద్ద సర్క్యూట్ పలకను, బయటికి తీసి శుభ్రపరచి మరొక పెట్టెలో తిరిగి అమర్చడానికి పూనుకున్నాము.

ఆ పలకమీద అక్కడక్కడ సన్నని లోహపు ముళ్ళు జంటలు జంటలుగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్క జంటను కలపడానికి గోరంత ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. దానినే జంపర్ అంటారు. తొడిగితే దారి కలుస్తుంది, తీస్తే తెగుతుంది. మధ్యస్థంగా మరొక స్థితి లేదు. అటువంటి జంటలు మూడు ఉంటే ఎనిమిది విధాల అమరికలు సాధ్యమవుతాయి. ప్రాసెసరు ఏ జాతిది, ఎంత వేగంతో నడవాలి, ఎన్ని వోల్టుల విద్యుత్తు దానికి అందాలి అనే విషయాలన్నీ ఈ తొడుగుల ద్వారానే పలకకు తెలియజేయాలి. 3.3 వోల్టుల చిప్‌కు పొరపాటున 5 వోల్టులు అందే విధంగా జంపర్ పెడితే ఆ చిప్ కాలిపోయే ప్రమాదం ఉంది.

మొదటి రోజు మేము అన్నీ సరిగ్గానే అమర్చామనుకొని మీట నొక్కాము. ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. స్పీకరు నుండి చిన్న చప్పుడైనా రాలేదు. ఎక్కడో ఒక చోట 'అవును' అనవలసిన దగ్గర 'కాదు' అన్నామని గ్రహించాము. ఇంత పెద్ద యంత్రం కేవలం ఈ రెండు మాటలతోనే నడుస్తున్నదే, ఈ రెండింటితో గణితం చేయవచ్చునని మొట్టమొదట ఊహించినది ఎవరు అన్న ప్రశ్న ఆ సాయంకాలం మాలో ఉదయించింది. దానికి సమాధానంగా మాకు లభించినది ఒక నిరుపేద ఉపాధ్యాయుని జీవితం. మా పాఠకులకు దానిని ఇక్కడ సంగ్రహంగా నివేదిస్తున్నాము.

జార్జి బూల్ 1815 నవంబరు 2వ తేదీన ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి జాన్ బూల్ వృత్తి పాదరక్షలు కుట్టడం. కాని ఆయన మనస్సు తోలుమీద కంటే కటకాలమీద, టెలిస్కోపులమీద ఎక్కువగా లగ్నమై ఉండేది. తాను స్వయంగా తయారుచేసిన టెలిస్కోపులో ఆకాశాన్ని చూడటానికి ఇరుగుపొరుగువారిని ఆహ్వానించేవాడు. అటువంటివాని దుకాణం లాభసాటిగా సాగదనడంలో ఆశ్చర్యం లేదు. అయితే కుమారునికి ఆయన ఇచ్చిన ఆస్తి వేరు. గణితంలో మొదటి పాఠాలు, పరికరాన్ని విప్పి చూసి తిరిగి బిగించే అలవాటు జార్జికి తండ్రివద్దనే అబ్బాయి.

లాటిన్ భాషను జార్జి ఊరిలోని ఒక పుస్తక విక్రేతవద్ద నేర్చుకున్నాడు. గ్రీకు భాషను ఎవరి సహాయమూ లేకుండా స్వయంగా అభ్యసించాడు. పద్నాలుగేళ్ళ వయస్సులో ఒక గ్రీకు కవితను ఇంగ్లీషులోకి అనువదించగా, తండ్రి సంబరపడి దానిని స్థానిక పత్రికలో అచ్చు వేయించాడు. చెప్పులు కుట్టేవాని కుమారుడు, అందులోనూ ఇంత చిన్నవాడు, ఇటువంటి అనువాదం చేయడం అసంభవమని ఒక ఉపాధ్యాయుడు అదే పత్రికలో వాదానికి దిగాడు. బూల్ జీవితంలో లోకం ఆయన శక్తిని సందేహించిన మొదటి సందర్భం ఇదే. చివరి సందర్భం మాత్రం ఇది కాదు.

పదహారేళ్ళు నిండేసరికి తండ్రి వ్యాపారం పూర్తిగా కుంటుపడింది. ఇంటికి జార్జి పెద్ద కొడుకు. తల్లిదండ్రులు, చెల్లెలు, ఇద్దరు తమ్ముళ్ళు అతని సంపాదనమీద ఆధారపడవలసి వచ్చింది. ఆయన చదువు అంతటితో ఆగిపోయింది. డాన్‌కాస్టర్‌లో ఒక పాఠశాలలో సహాయోపాధ్యాయుడుగా చేరి, మిగిలిన తీరికలో ఫ్రెంచి గణితశాస్త్ర గ్రంథాలను చదవసాగాడు. సాహిత్య గ్రంథం కొంటే వారంలో అయిపోతుందని, గణిత గ్రంథమైతే నెలల తరబడి వస్తుందని, అందుచేత కొద్దిపాటి డబ్బుతో గణిత గ్రంథాలనే కొనేవాడని చెబుతారు. పేదరికం మనిషిని ఏ మార్గంలోకి నడిపిస్తుందో ముందుగా ఊహించడం కష్టం. ఈయనను మాత్రం గణితంలోకి నడిపించింది.

ఆ ఊరిలో ఉండగానే, 1833 ప్రాంతంలో, ఒక పొలానికి అడ్డంగా నడిచి వెళుతున్నప్పుడు ఆయనకు ఒక ఆలోచన తట్టిందట. ప్రకృతిలోని వస్తువుల నడకను సమీకరణాలతో చెప్పగలిగినప్పుడు, మనిషి ఆలోచన నడకను మాత్రం ఎందుకు చెప్పకూడదు అన్నదే ఆ ఆలోచన. అప్పటికి ఆయనకు పదిహేడేళ్ళు. ఆ విత్తనం మొలకెత్తడానికి మరి పద్నాలుగేళ్ళు పట్టింది.

1834లో, పందొమ్మిదేళ్ళ వయస్సులో, బూల్ లింకన్‌లో సొంత పాఠశాలను ప్రారంభించాడు. పగలంతా పిల్లలకు పాఠాలు, రాత్రి తన అధ్యయనం. కొంతకాలానికి ఆయన వ్యాసాలు కేంబ్రిడ్జి గణిత పత్రికలో వెలువడసాగాయి. కేంబ్రిడ్జిలో చేరి క్రమబద్ధంగా చదువుకోవాలన్న కోరిక ఆయనకు లేకపోలేదు. కాని తాను వెళ్ళిపోతే ఇంటిల్లిపాదికీ జీవనాధారం పోతుంది. అందుచేత ఆ కోరికను మనస్సులోనే అణచుకొని బడిపంతులుగానే ఉండిపోయాడు. 1844లో ఆయన రచించిన ఒక దీర్ఘ వ్యాసానికి లండన్‌లోని రాయల్ సొసైటీ వారు రాయల్ మెడల్ అనే బంగారు పతకాన్ని ప్రదానం చేశారు. ఏ విశ్వవిద్యాలయంలోనూ అడుగుపెట్టని వ్యక్తికి ఆ సంస్థ నుండి అటువంటి గౌరవం దక్కడం ఆ కాలంలో అరుదు.

పొలంలో తట్టిన ఆలోచన 1847లో తర్కానికి సంబంధించిన ఒక చిన్న గ్రంథంగా బయటికి వచ్చింది. తర్కశాస్త్రం గురించి అప్పుడు బ్రిటన్‌లో ఒక తీవ్రమైన వివాదం నడుస్తున్నది. అందులో ఒక పక్షాన నిలిచినవాడు ఆగస్టస్ డి మోర్గన్. ఆయన బూల్‌కు మిత్రుడు. మన దక్షిణదేశంతో ఆయనకు జన్మసంబంధం ఉంది. 1806లో మధురలో పుట్టి, నెలల పసికందుగా ఇంగ్లండుకు చేరినవాడు. ఢిల్లీ కళాశాలలో ఉర్దూ మాధ్యమంలో గణితం బోధించిన మాస్టర్ రామచంద్ర 1850లో కలకత్తాలో ప్రచురించిన గ్రంథాన్ని చదివి ముగ్ధుడై, 1859లో లండన్‌లో దానిని తిరిగి అచ్చు వేయించినవాడు కూడా ఈ డి మోర్గనే. ప్రతిభ ఏ భాషలో మాట్లాడినా, ఏ ఊరినుండి వచ్చినా దానిని గుర్తించగల మనస్సు ఆయనది. లింకన్ పట్టణపు బడిపంతులును తొలినాళ్ళలోనే గుర్తించినవారిలో ఆయన ఒకడు కావడం సహజమే.

ఇంతకూ బూల్ కనుగొన్నదేమిటి? మన కళాశాలనుండే ఒక ఉదాహరణ తీసుకుందాము. కళాశాల విద్యార్థులలో ఉర్దూ చదివేవారిని 'క' అనే అక్షరంతో సూచించుదాము. తెలుగు చదివేవారిని 'చ' అందాము. అప్పుడు క, చ లను గుణిస్తే, రెండూ చదివేవారు వస్తారు. మరి 'క'ను 'క'తోనే గుణిస్తే? ఉర్దూ చదివేవారిలోనుండి మళ్ళీ ఉర్దూ చదివేవారినే ఏరినట్టు. వచ్చేది పాత జాబితాయే. అనగా క ను క తో గుణిస్తే క యే. సామాన్య గణితంలో ఈ నియమానికి లోబడే సంఖ్యలు రెండే రెండు ఉన్నాయి. ఒకటి సున్నా, రెండవది ఒకటి. సున్నాను సున్నాతో గుణిస్తే సున్నా, ఒకటిని ఒకటితో గుణిస్తే ఒకటి. బూల్ దృష్టిలో ఒకటి అంటే సర్వం, సున్నా అంటే శూన్యం. ఒకటిలోనుండి 'క'ను తీసివేస్తే, ఉర్దూ చదవనివారు మిగులుతారు. ఈ విధంగా 'మరియు', 'లేదా', 'కాదు' అనే మూడు చిన్న మాటలు గణిత చిహ్నాలైనాయి. అరిస్టాటిల్ కాలంనుండి మాటలతో సాగిన తర్కం ఇప్పుడు లెక్కగా మారింది.

ఐర్లండులో బెల్‌ఫాస్ట్, కార్క్, గాల్వే పట్టణాలలో అన్ని మతాలవారికీ ప్రవేశం కల్పిస్తూ క్వీన్స్ కళాశాలలు ఆ రోజుల్లోనే స్థాపితమైనాయి. బూల్ అక్కడి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. చేతిలో ఒక్క డిగ్రీ అయినా లేదు. ఉన్నవల్లా ప్రచురితమైన వ్యాసాలు, పండితుల సిఫారసులు, ఆ బంగారు పతకం. 1849లో కార్క్ కళాశాలవారు ఆయనను తమ మొదటి గణితాచార్యునిగా నియమించారు. పరీక్షాపత్రాలు లేని పాండిత్యాన్ని గుర్తించిన ఆ నియామక సంఘంవారిని ఇక్కడ స్మరించకుండా ముందుకు సాగలేము. అప్పటి ఐర్లండు బంగాళాదుంప పంట నాశనమై వచ్చిన ఘోరమైన కరువుతో అల్లాడుతున్నది. ఆ నేలమీద కూర్చుని ఆయన తన మహాగ్రంథాన్ని పూర్తిచేశాడు. ఆలోచనా నియమాలను గురించిన ఆ గ్రంథం 1854లో వెలువడింది.

1855లో బూల్ మేరీ ఎవరెస్ట్ అనే యువతిని వివాహమాడాడు. కార్క్‌లో గ్రీకు ఆచార్యుడు ఆమెకు బంధువు. అక్కడికి వచ్చినప్పుడు 1850లో మొదటి పరిచయం కలిగింది. ఆమెకు మరొక బంధువు జార్జి ఎవరెస్ట్. ఈ పేరు మా పాఠకులకు కొత్త కాదు. 1818లో హైదరాబాదు చేరి, లాంబ్టన్ దొర నడిపిన మహా త్రికోణమితి సర్వేలో చేరి, కృష్ణా గోదావరుల మధ్య అడవులలో కొలతలు తీస్తూ విషజ్వరం పాలైనవాడు ఆయనే. ప్రపంచంలో అత్యున్నత శిఖరానికి 1865లో ఆయన పేరే పెట్టారు. తన పెదతండ్రి ద్వారా వచ్చిన భారతీయ చింతన తన భర్త ఆలోచనలమీద ప్రసరించిందని మేరీ 1901లో జగదీశ్ చంద్ర బోసుకు రాసిన లేఖలో పేర్కొన్నది. ఈ మాట మనకు ఆనందం కలిగించేదే. కాని బూల్ తొలి తర్కగ్రంథం 1847 నాటిదని, మేరీతో పరిచయం 1850లో కలిగిందని మనం మరువరాదు. ఇతరుల కీర్తిని మనదిగా చెప్పుకోవడంలో తొందరపాటు చూపకపోవడమే సత్యానికి మనం చేసే గౌరవం.

1857లో ఆయన రాయల్ సొసైటీ సభ్యుడైనాడు. ఎంత గొప్పవాడైనా తరగతి గదిని మాత్రం విడిచిపెట్టలేదు. 1864 నవంబరు 24వ తేదీన కుండపోతగా వాన కురుస్తున్నది. ఇంటికీ కళాశాలకూ మధ్య రెండు మూడు మైళ్ళ దూరం. పాఠం మానుకోవడం ఆయనకు తెలియదు. తడుస్తూనే నడిచి వెళ్ళి, తడిబట్టలతోనే పాఠం చెప్పాడు. జ్వరం వచ్చి ఊపిరితిత్తులకు వ్యాపించింది. రోగానికి కారణమైనదే చికిత్స కూడా కావాలన్న అప్పటి వైద్య విశ్వాసంతో భార్య ఆయనకు తడిదుప్పట్లు చుట్టిందని చెబుతారు. 1864 డిసెంబరు 8వ తేదీన బూల్ కన్నుమూశాడు. వయస్సు నలభై తొమ్మిది. అయిదుగురు ఆడపిల్లలు. చివరి బిడ్డకు ఏడు నెలలు మాత్రమే.

ఆ కుటుంబం కథ అక్కడితో ముగియలేదు. మేరీ లండన్ చేరి ఒక మహిళా కళాశాలలో గ్రంథాలయ ఉద్యోగం చేస్తూ పిల్లలను పెంచింది. చిన్నపిల్లలకు గణితం ఎలా నేర్పాలన్న విషయంమీద గ్రంథాలు రచించింది. కుమార్తెలలో అలీసియా కళాశాల మెట్లు ఎక్కకుండానే నాలుగు పరిమాణాల జ్యామితిలో సాధించిన ఫలితాలకు 1914లో గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ప్రకటించింది. లూసీ రసాయనశాస్త్రవేత్తగా లండన్ మహిళా వైద్య కళాశాలలో బోధించింది. తండ్రిని ఎరుగని కడగొట్టు బిడ్డ ఎథెల్ 1897లో రచించిన నవల రష్యాలో లక్షలాది పాఠకుల ఆదరణ పొందింది. ఆడపిల్లల చదువుకు డబ్బు కంటే ఇంటి వాతావరణమే పెద్ద పెట్టుబడి అనడానికి ఇంతకు మించిన నిదర్శనం మాకు కనిపించలేదు.

ఇక బూల్ గణితం మాటేమిటి? జెవన్స్ అనే పండితుడు దానిని కొంత సవరించి, 'లేదా' అనే మాటకు నేడు మనం వాడుతున్న అర్థాన్ని స్థిరపరచి, తర్కాన్ని మీటలతో నడిపే ఒక యంత్రాన్ని 1870లో రాయల్ సొసైటీలో ప్రదర్శించాడు. అయితే లోకానికి దానివల్ల ప్రయోజనమేమిటో చాలాకాలం తోచలేదు. తర్కం బోధించే తరగతులలోనే అది నిలిచిపోయింది. 1937లో అమెరికాలో క్లాడ్ షానన్ అనే ఇరవై ఒక్క ఏళ్ళ విద్యార్థి, విద్యుత్ రిలేల మీటలు కలవడం, విడిపోవడం అనే రెండు స్థితులను సున్నా, ఒకటిగా సూచించవచ్చుననీ, కావలసిన సర్క్యూట్‌ను బూల్ సమీకరణాలతో ముందుగానే లెక్కించి నిర్మించవచ్చుననీ తన ఎం.ఎస్. పరిశోధనలో నిరూపించాడు. ఆ తర్కాన్ని ఆయన కళాశాలలో తత్త్వశాస్త్ర పాఠంగా చదివాడు. బూల్ తొలి గ్రంథంనుండి లెక్కిస్తే అప్పటికి తొంభై సంవత్సరాలు గడిచాయి.

ఇప్పుడు మళ్ళీ మా పలకవద్దకు వద్దాము. రెండవ రోజు మేము తొందరపడకుండా పలకమీద అచ్చువేసిన పట్టికను ముందు పెట్టుకుని ఒక్కొక్క జంపర్‌నూ సరిచూశాము. ఒకరు పట్టిక చదివితే, మరొకరు చూసి 'ఒకటి' లేదా 'సున్నా' అని పలికారు. ప్రాసెసరు వేగానికి సంబంధించిన తొడుగు ఒకటి పక్క జంటమీద ఉన్నదని తేలింది. దానిని సరిచేశాము. మెమరీ పలకలు నాలుగూ గట్టిగా కూర్చున్నవో లేదో పరీక్షించాము. ఆ పాత తరహా మెమరీ పలక ఒక్కొక్కటి ఎనిమిది బిట్లను మాత్రమే ఇస్తుంది. 486 ప్రాసెసరు ఒకేసారి ముప్పై రెండు బిట్లను కోరుతుంది. నాలుగూ ఉంటేనే పని జరుగుతుంది, మూడు ఉన్నా లేనట్టే. ఇదే బూల్ చెప్పిన 'మరియు'. విద్యుత్తు తెచ్చే రెండు తీగల గుత్తులను, రెండింటి నల్లతీగలూ మధ్యలో పక్కపక్కన వచ్చేటట్టు తొడిగాము. ఇవి తారుమారైతే పలక పాడవుతుంది.

మీట నొక్కగానే లోపల ఏమి జరుగుతుందో కూడా తెలుసుకున్నాము. వోల్టులన్నీ సరియైన స్థాయికి చేరాయని విద్యుత్ పెట్టె ఒక సంకేతం పంపేవరకు ప్రాసెసరును పలక కదలనివ్వదు. ఆ సంకేతం సున్నానుండి ఒకటికి మారిన తరువాతనే పని మొదలవుతుంది. ఆ చిప్‌లో దాదాపు 12 లక్షల ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. రెండు సంఖ్యలను కూడటానికి కూడా బూల్ మాటలే సాయపడతాయి. రెండు అంకెలూ ఒకటే అయితే 'మరియు' పై స్థానానికి ఒకటి పంపుతుంది. వాటిలో ఏదో ఒకటే ఒకటి అయితే ఆ స్థానంలో ఒకటి నిలుస్తుంది. చిన్ననాడు మనం వేళ్ళమీద చేసిన కూడికయే అది.

ఈసారి స్పీకరు ఒక్కసారి చిన్నగా పలికింది. తెరమీద అక్షరాలు వెలిశాయి. పలక మెమరీని లెక్కించుకుంటూ పోయింది. తేదీ, ఫ్లాపీ రకం, హార్డ్ డిస్క్ వివరాలు అడిగింది. ఇచ్చాము. ప్రయోగశాలలో ఉన్నవారందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో సగం లింకన్ పట్టణపు బడిపంతులుకు చెందుతాయని మా విశ్వాసం.

విద్యార్థి మిత్రులారా, బూల్ జీవితం మనకు చెప్పేది ఒక్కటే. ఇంట్లో డబ్బు లేదని, చేతిలో పట్టా లేదని, మన చదువుకు వెంటనే ఫలితం కనిపించడం లేదని కుంగిపోవలసిన పనిలేదు. నేడు ఎందుకూ పనికిరానిదిగా తోచిన ఆలోచన రేపు లోకానికి వెన్నెముక కావచ్చు. కళాశాల పాలకవర్గంవారికి మా మనవి కూడా అదే. ఆ మూలనున్న పాత యంత్రాలను తుక్కుగా భావించవద్దు. కొత్త యంత్రాలలో లోపలి సంగతి కంటికి కనిపించదు. వాటిని విప్పి చూపడం కష్టం. ఈ పాత పలకలమీద సున్నా ఎక్కడ, ఒకటి ఎక్కడ అని వేలితో చూపవచ్చు. వాటికి ప్రయోగశాలలో ఒక బల్ల కేటాయించి, ఏటా కొత్త విద్యార్థులచేత ఒక్కసారి విప్పించి బిగింపజేస్తే, మన పిల్లలలో ఏ బడుగు ఇంటి బిడ్డకో పొలం గట్టుమీద మరొక ఆలోచన తట్టవచ్చును.